కార్బను ఫిల్టరు ఆస్తి కాదు, సరకు

ఏసీ గదులు వేసుకొన్న కమీషను కొట్లలోను, రొయ్యల ప్లాంట్లలోను, హోటళ్లలోను వాసన పోగొట్టటానికి కార్బను ఫిల్టర్లు పెట్టించుకోవటం డెల్టాలో కొత్త సంగతి కాదు. పెట్టించే రోజున యజమాని దగ్గరుండి చూస్తాడు. రెండు మూడు నెలలపాటు వచ్చినవారందరికీ చూపిస్తాడు. ఆ తరువాత ఆ పెట్టెకూ గోడ మీది కాలెండరుకూ తేడా వుండదు. ఫ్యాను తిరుగుతూనే వుంటుంది, కరెంటు బిల్లు వస్తూనే వుంటుంది, పోయిన వాసన మాత్రం తిరిగి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు "ఈ మిషను మన వూళ్లకు పనికిరాదు" అని తీర్మానం చేస్తారు. నిజానికి మిషను తప్పేమీ లేదు. లోపలి బొగ్గు నిండిపోయింది. దాన్ని ఎవరూ మార్చలేదు.

మార్చకపోవటానికి కారణం పిసినారితనం అనుకోనక్కరలేదు. లెక్క రాసే తీరులోనే చిక్కు వున్నది. కామర్సు చదివిన ప్రతివారికి మొదటి సంవత్సరంలోనే మూలధన వ్యయం, రాబడి వ్యయం అని రెండు వేరు చేసి చెబుతారు. ఫిల్టరు పెట్టె, ఫ్యాను, గొట్టాలు మూలధనం. ఏటేటా తరుగు కట్టుకోవచ్చు. లోపల పోసిన కార్బను అటువంటిది కాదు. అది గోనె సంచి వంటిది, పురికొస వంటిది, జనరేటరులో పోసిన డీజిలు వంటిది. వాడుతున్నకొద్దీ అయిపోతుంది. మన వర్తకులు రెండింటినీ కలిపి ఒకే బిల్లుగా ఫర్నిచరు ఖాతాలో వేస్తున్నారు. ఫర్నిచరు ఖాతాలోకి వెళ్లిన వస్తువును అయిదేళ్లదాకా ఎవరూ తిరిగి చూడరు. డీజిలు అయిపోతే దీపం ఆరుతుంది గనుక వెంటనే తెలుస్తుంది. కార్బను అయిపోతే ఏదీ ఆగదు, అదే దాని దుర్గుణం.

పాతిక సెంట్ల గిడ్డంగి

ఈ బొగ్గు చేసే పని ఏమిటో వర్తకుడి భాషలోనే చెప్పుకోవచ్చు. మంచి కొబ్బరి చిప్ప కార్బను ఒక్క గ్రాము తీసుకొంటే, అందులోని సూక్ష్మరంధ్రాల గోడలన్నీ పరచి కొలిస్తే సుమారు 1,000 చదరపు మీటర్లు వస్తుంది. మన కొలతలో దాదాపు పాతిక సెంట్లు. వాసన అణువులు ఆ గోడలకు అంటుకొని నిలిచిపోతాయి. స్పాంజి నీళ్లను పీల్చినట్లు కాదు, గిడ్డంగిలో బస్తా వేసినట్లు. గిడ్డంగి ఎంత పెద్దదైనా నిండేరోజు వస్తుంది. నిండిన తరువాత వచ్చిన బస్తా బయటనే వుంటుంది. అంతటితో ఆగదు. బరువైన ఆవిరి వచ్చిందంటే లోపల ముందే వున్న తేలిక ఆవిరిని నెట్టివేసి తాను కూర్చుంటుంది. కరెంటు పోయి ఏసీ ఆగి గది వేడెక్కిన మధ్యాహ్నం నిండిన ఫిల్టరు దగ్గర నిలబడితే, మూడు నెలల కిందటి వాసన కూడా తిరిగి రావచ్చు. అంటే పాత ఫిల్టరు ఏ పనీ చేయని వస్తువు కాదు, వాసనను నిలవచేసి మళ్లీ విడుదల చేసే వస్తువు.

బొగ్గు గాలిలోని వాయువులను పట్టుకొంటుందని షీలే అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1773లోనే గమనించాడు. 1854లో స్టెన్‌హౌస్ అనే ఆయన బొగ్గు పొరల ముసుగును, గదులకు బొగ్గు గాలి ఫిల్టరును తయారుచేశాడు. 1915లో యుద్ధరంగంలో విషవాయువు ప్రయోగించిన తరువాత గాని దీనికి గిరాకీ పుట్టలేదు. ఆ ఏడే రష్యాలో జెలిన్‌స్కీ బొగ్గు ముసుగును రూపొందించాడు. 1918లో అమెరికాలో పీచు పండ్ల గింజలు, గట్టి కాయల పెంకులు ఇంటింటా పోగుచేయించి ముసుగుల బొగ్గుకు వాడారు. అప్పుడు తేలిన విషయం ఒకటున్నది: పెంకు ఎంత గట్టిదైతే రంధ్రాలు అంత సన్ననివి, వాయువును పట్టటంలో అంత మేలు. కొబ్బరి చిప్పకు ఈ బజారులో గౌరవం అప్పటినుంచి వస్తున్నదే. కలప బొగ్గు కార్బను చక్కెర పాకం వంటి ద్రవాల రంగు తీయటానికి బాగుంటుంది, గాలికి మాత్రం చిప్పదే పైచేయి.

ఇక మార్చవలసిన గడువు సంగతి. అమ్మేవాడు "ఆరు నెలలు" అంటాడు, ఇంకొకడు "ఏడాది" అంటాడు. రెండూ గాలిలో మాటలే. గడువు రెండు అంకెల మీద ఆధారపడి వున్నది: పెట్టెలో కార్బను ఎంత, గదిలో రోజుకు పుట్టే ఆవిరి ఎంత. ఉదాహరణకు పెట్టెలో 10 కిలోల కార్బను వున్నదనుకొందాం. ఆచరణలో అది తన బరువులో పదోవంతు పట్టుకోగలిగితే ఒక కిలో ఆవిరి. గదిలో రోజుకు 5 గ్రాముల చొప్పున వాసన ఆవిరి పుడితే 200 రోజులు. అదే పెట్టెలో 10 కిలోలకు బదులు అరకిలో వుంటే 10 రోజులు. ఇవి లెక్క కోసం వేసుకొన్న అంకెలే అయినా నిష్పత్తి మాత్రం నిజం. బజారులో దొరికే కొన్ని పలచని నల్ల పట్టీలలో నురగ మీద చల్లిన బొగ్గు పొడి కొద్ది గ్రాములు మాత్రమే. దాన్ని కూడా "కార్బను ఫిల్టరు" అనే అమ్ముతున్నారు. ధాన్యం కొనేటప్పుడు బస్తాల లెక్క చెబితే ఒప్పుకోక కాటా వేయించే వర్తకుడు, ఫిల్టరు కొనేటప్పుడు పెట్టె సైజు చూసి ఎందుకు తృప్తిపడుతున్నాడో తెలియదు. బిల్లు మీద కార్బను బరువు కిలోలలో రాయించుకోవాలి. రాయనని అన్నవాడి దగ్గర కొననక్కరలేదు.

డెల్టా గాలి

పై లెక్కను మన ప్రాంతానికి ఉన్నదున్నట్లు వర్తింపజేయకూడదు. కాలువలు, చేపల చెరువులు, సముద్రపు గాలి కలిసిన చోట తేమ ఎక్కువ. గాలిలో సాపేక్ష తేమ సగం దాటితే నీటి ఆవిరి కూడా ఆ రంధ్రాలలో చోటు కోసం పోటీకి వస్తుంది. వానాకాలంలో తలుపులు తెరచిన గదిలో వాడే ఫిల్టరుకు కాగితం మీది గడువులో సగం వస్తే సంతోషించాలి. ఏసీ గదిలో తేమ తక్కువ గనుక కొంత నయం. కనుక తలుపు మూసి వుంచటం కూడా ఫిల్టరు పొదుపే.

తేమ వల్ల ఇంకొక చిక్కు వున్నది. ఫిల్టరును తూచి బరువు పెరిగింది గనుక నిండిందని చెప్పటం బాగానే తోస్తుంది. కాని పెరిగిన బరువులో వాసన ఎంతో నీరు ఎంతో కాటా చెప్పదు. పెద్ద ప్లాంట్లవారు గుప్పెడు కార్బను తీయించి లాబొరేటరీకి పంపించి మిగిలిన శక్తిని చూపించుకోవటం మేలు. చిన్న కొట్లకు అంత అక్కరలేదు. పెట్టె మీద మార్చిన తేదీ రాసుకొని, ఫిల్టరు వెనుక వచ్చే గాలిని బయటివాడి చేత వాసన చూపిస్తే చాలు. బయటివాడు అనటానికి కారణం వున్నది. గదిలో కూర్చొన్న గుమాస్తా ముక్కు కొద్ది నిమిషాలలోనే ఆ వాసనకు అలవాటుపడి చెప్పటం మానేస్తుంది. ఉదయం వీధిలోంచి వచ్చిన దళారీ గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్పే మాట నమ్మదగ్గది.

కడగటం, ఎండబెట్టటం అనే రెండు గృహవైద్యాలను గురించి కూడా చెప్పాలి. ముందుండే దుమ్ము జాలీని కడగవచ్చు, కడగాలి కూడా. రైసు మిల్లుల దగ్గర తవుడు దుమ్ము, వంటశాలలలో నూనె మసి దాన్ని వారంలో మూసివేస్తాయి. ఆ జాలీని దాటి నూనె కార్బను మీద పడిందంటే రంధ్రాల నోళ్లు మూసుకుపోయి, లోపల ఖాళీ వున్నా పనిచేయదు. కార్బనును మాత్రం నీళ్లతో కడిగి ప్రయోజనం లేదు. ఎండలో పెడితే కొంత తేమ, కొన్ని తేలిక వాసనలు పోతాయి, రెండు రోజులు బాగున్నట్లు కనిపిస్తుంది. బరువు ఆవిర్లు కదలవు. నిజంగా మళ్లీ పనికి తేవాలంటే గాలి చొరని కొలిమిలో సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నీటి ఆవిరితో శుద్ధిచేయాలి. మన మిద్దె మీది ఎండ 45 డిగ్రీలు. పదుల టన్నులు వాడేవారికి తప్ప ఈ పునరుద్ధరణ గిట్టుబాటు కాదు. "ఉతికి వాడుకోదగిన కార్బను ఫిల్టరు" అని అట్టపెట్టె మీద ముద్రించి అమ్మటం అన్యాయం అనే మాటకు తక్కువ కాదు.

మరొక సంగతి వర్తకులకు నచ్చకపోవచ్చు. కార్బనుకు మంచి వాసన, చెడ్డ వాసన అనే విచక్షణ లేదు. ఉదయం కొట్టు తెరవగానే వెలిగించే అగరుబత్తీలు, కర్పూరం, మధ్యాహ్నం కొట్టే సెంటు డబ్బా అన్నీ ఆ గిడ్డంగిలోనే జమ అవుతాయి. దేవుడి పటం ఫిల్టరు పెట్టెకు దూరంగా వుంటే ఇద్దరికీ మంచిది. సంక్రాంతికి గోడలకు రంగులు వేయించేటప్పుడు ఫిల్టరు తీసి గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి వుంచకపోతే, పెయింటు ఆవిరి కొద్ది రోజులలోనే మొత్తం మింగివేస్తుంది. అదే కారణం చేత చవకగా వచ్చాయని ఏడాదికి సరిపడా ఫిల్టర్లు కొని కొబ్బరి గిడ్డంగిలో విప్పి పెట్టటం డబ్బు దండుగ.

ఏ వాసనకు ఏ బొగ్గు

భీమవరం వైపు రొయ్యల వ్యాపారులు మోసపోయేది ఇక్కడే. మక్కిన కొబ్బరి వాసన, నూనె వాసన, పొగాకు వాసన, పెయింటు వాసన మామూలు చిప్ప కార్బనుకు బాగా లొంగుతాయి. రొయ్య, చేపల వాసనలో ముఖ్యమైనవి ట్రైమిథైలమీన్, అమ్మోనియా. ఇవి క్షార జాతివి, అణువులు చిన్నవి. అందులో అమ్మోనియా మామూలు కార్బను మీద దాదాపు నిలవదు. వీటికి ఫాస్ఫారిక్ ఆమ్లం వంటి ఆమ్లం పట్టించిన కార్బను కావాలి. కుళ్లిన గుడ్డు వాసనకు, అంటే మురుగు కాలువల హైడ్రోజన్ సల్ఫైడుకు, కాస్టిక్ పొటాష్ వంటి క్షారం పట్టించినది గాని, పర్మాంగనేటు పట్టించిన అల్యూమినా గోళీలు గాని వాడతారు. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే ఖర్చే గాని ఫలితం లేదు. రొయ్యల హాలులో మామూలు కార్బను నెలకొకసారి మార్చి విసిగిపోయేకంటే, సరైన రకం అడిగి మూడు నెలలకొకసారి మార్చుకోవటం చవక పడవచ్చు.

అమ్మోనియా విషయంలో ఇంకొక హెచ్చరిక అవసరం. శీతల గిడ్డంగులలో, ఐసు ఫ్యాక్టరీలలో అమ్మోనియానే శీతలకారకం. అక్కడ ఆ వాసన వచ్చిందంటే పైపు కారుతున్నదని అర్థం. దానికి మెకానిక్‌ను పిలవాలి గాని ఫిల్టరు పెట్టించకూడదు. వంట గ్యాసుకు వాసన కలిపేది కూడా కారటం తెలియాలనే.

ఈ మాట సరకు నాణ్యతకు కూడా వర్తిస్తుంది. గిడ్డంగిలో కొబ్బరి మక్కిన వాసన వేస్తున్నదంటే ఆరలేదన్నమాట. మిల్లింగు కొబ్బరిలో తేమ 6 శాతం మించరాదని మద్దతు ధర కొనుగోళ్ల ప్రమాణాలలో వున్నది. మించితే బూజు, బూజుతో విషం. కార్బను ఆ వాసన తీసివేస్తుంది, బూజును తీసివేయలేదు. కనుక నిలవ గిడ్డంగులలో కార్బను ఫిల్టరు పెట్టటం మా ఉద్దేశంలో పొరపాటు. అక్కడ కావలసింది ఎండ, గాలి, దిమ్మె. ఫిల్టరు వుండవలసిన చోటు శాంపిలు గది. బియ్యం పాతదో కొత్తదో, కొబ్బరి తీపో చేదో, ఎండు రొయ్య ఏ నెలదో ముక్కు పెట్టి ధర కట్టే వ్యాపారం మనది. పక్క గది వాసన కలిసిన చోట కట్టిన ధర ఎవరో ఒకరికి నష్టం తెస్తుంది. శాంపిలు గదిలో తాజా కార్బను వుంటే బేరం నిజాయితీగా నడుస్తుంది.

కొనేటప్పుడు అడగవలసినవి బరువు కాక మరి రెండు మూడు. అయోడిన్ సంఖ్య ఎంత అని అడిగితే గ్రాము కార్బను ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్ పడుతుందో చెప్పాలి. చిప్ప సరకులో 1,000 ప్రాంతంలో వున్నది మంచిదే. గాలి పనికి సీటీసీ అంకె, అంటే కార్బన్ టెట్రాక్లోరైడు ఆవిరిని ఎంత శాతం పడుతుందనేది, ఇంకా సూటిగా చెబుతుంది. బూడిద, తేమ, గట్టిదనం కూడా చూడాలి. పరీక్ష పద్ధతులకు ఐ.ఎస్. 877 వున్నది. పొడిగా రాలిపోయే సరకు చవక అయినా వద్దు. ఆ నల్ల దుమ్ము శాంపిలు మీదనే పడుతుంది. పాత కార్బను తీసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. పెద్ద తొట్టెలలోని తడి కార్బను లోపలి గాలిలో ప్రాణవాయువును లాగివేస్తుంది. గాలి పరీక్ష లేకుండా కూలీని అందులోకి దించటం ప్రాణాపాయం. రసాయన ఆవిర్లు పట్టిన కార్బనును కాలువ గట్టున పారబోయటానికి వీలులేదు. కొన్ని పరిశ్రమల వాడిన కార్బను 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పట్టికలో వున్నది.

చిప్పకు వరుస లేదు

ఇంతవరకు చెప్పింది కొనేవారి సంగతి. అమ్మే పక్షాన కూడా డెల్టాకు ఇందులో వాటా వుండవలసింది. గోతిలో కాల్చే పాత పద్ధతిలో 1,000 చిప్పలకు సుమారు 35 కిలోల బొగ్గు వస్తుందని, అంటే టన్ను బొగ్గుకు 30,000 చిప్పలు దాకా కావాలని కొబ్బరి రంగంలో వాడుకలో వున్న లెక్క. టన్ను యాక్టివేటెడ్ కార్బనుకు మూడు టన్నుల బొగ్గు దాకా పడుతుంది. రెండూ కలిపితే కిలో కార్బనుకు 90 కాయల చిప్పలు. పైన ఉదాహరణకు చెప్పిన 10 కిలోల పెట్టె నింపటానికి 900 కాయలు. ఆ పెట్టెను ఏడాదికి రెండుసార్లు మార్చే ప్లాంటు ఒక్కటే 1,800 కాయల చిప్పలను తింటున్నదన్నమాట. పెట్టె ఒక్కసారి అమ్ముడవుతుంది, మార్పిడి సరకు ఏటా అమ్ముడవుతుంది. ఈ వ్యాపారంలో గిరాకీ అంతా ఆ మార్పిడిలోనే వున్నది. కొబ్బరి సంబంధమైన మన దేశపు ఎగుమతులలో, కొబ్బరి పీచు సరకు మినహాయిస్తే, యాక్టివేటెడ్ కార్బనుదే పెద్ద పీట కావటానికి కారణం కూడా ఇదే.

అయినా కోనసీమకు దక్కుతున్నది తక్కువ. దీనికి ఒక కారణం మన వ్యాపార స్వభావంలోనే వున్నది. ఇక్కడి కాయ చాలా భాగం కాయగానే లారీ ఎక్కి ఉత్తరాది గుళ్లకు, పెళ్లిళ్లకు వెళుతుంది. కాయతోపాటు చిప్ప కూడా వెళ్లిపోతుంది. తమిళనాడులోని కాంగేయం వంటి చోట్ల కాయను అక్కడికక్కడే కొట్టి కొబ్బరి ఆరబెడతారు గనుక చిప్ప ఒకేచోట గుట్టపడుతుంది, దాని పక్కనే బొగ్గు, బొగ్గు పక్కనే కార్బను మిల్లు వచ్చాయి. శ్రీలంకలో హేకార్బ్ కంపెనీ 1973లోనే మొదలయి ప్రపంచంలోని పెద్ద ఉత్పత్తిదార్లలో ఒకటయింది. మన దగ్గర మిగిలే చిప్ప కురిడీ కొట్టగా వచ్చేది, కొత్త కొబ్బరి తీయగా వచ్చేది, దేవస్థానాలలో పోగయ్యేది. ఇందులో ఎంతో పొయ్యిలోకే పోతున్నది.

కార్బను మిల్లు పెట్టండని తొందరపెట్టటం మా ఉద్దేశం కాదు. అది 900 డిగ్రీల కొలిమి, ఆవిరి, నాణ్యత పరీక్ష కలిసిన పెద్ద పెట్టుబడి. ఏడాది పొడవునా చిప్ప రాకపోతే చల్లబడిపోతుంది. గోతులలో చిప్ప కాల్చటం అంతకంటె వద్దు. తమిళనాడులో చిప్ప బొగ్గు భట్టీల పొగమీద పల్లెలు ఎదురుతిరిగి, కాలుష్య మండలి దాకా వెళ్లిన అనుభవం వున్నది. ఇల్లు, తోట, కాలువ ఒకదానికొకటి ఆనుకొని వుండే కోనసీమలో ఆ పొగకు చోటు లేదు. ఊళ్ల వాసన పోగొట్టే సరకు కోసం మన ఊళ్లను పొగపెట్టుకోవటం విడ్డూరం. పొగను మళ్లీ కాల్చి వేడిగా వాడుకొనే మూసిన భట్టీలు వున్నాయి. నలుగురైదుగురు వర్తకులు కలిసి ఒకటి పెట్టుకొంటే అడ్డు చెప్పేవారుండరు.

దానికంటె ముందు, పైసా పెట్టుబడి లేకుండా చేయగల పని ఒకటున్నది. పత్రికలలో వచ్చే అంబాజీపేట ధరల పట్టికలో కొత్త కొబ్బరి క్వింటాలుకు ఇంత, కురిడీలో గండేరా వెయ్యికి ఇంత, గటగట వెయ్యికి ఇంత, నీటికాయలో పాతది ఇంత, కొత్తది ఇంత అని వుంటుంది. చిప్పకు వరుస లేదు. ధర అచ్చులో కనిపించని సరకును కళ్లంలో ఎవరూ వేరు చేసి పెట్టరు; వచ్చినవాడు చెప్పిందే ధర. 2025లో కాయ ధర పెరిగినప్పుడు చిప్ప ధర కూడా వెంట పెరిగింది. ఆ పెరుగుదలలో రైతుకు ఎంత ముట్టింది, మధ్యలో ఎంత ఆగింది అని చూసుకోవటానికి పట్టిక లేదు. ముదురు కాయ చిప్ప, పీచు గీకినది, మట్టి అంటనిది, ఉప్పునేల మీద నానబెట్టనిది ఒక రకం. పచ్చికాయ చిప్ప రెండవ రకం. గుళ్ల నుంచి పసుపు కుంకుమలతో వచ్చేది మూడవ రకం. మూడింటినీ కలిపి ఒకే లారీలో వేస్తే బూడిద శాతం పెరిగి మొదటి రకానికి కూడా మూడవ రకం ధరే వస్తుంది. వేరు చేసి, క్వింటాలు లెక్కన, తేమ చూపించి, వారానికొకసారి అయినా ధర ప్రకటించే ఏర్పాటు అంబాజీపేట వర్తకులే చేయవచ్చు. వానలు తగ్గి చిప్ప ఎండే కార్తికం నుంచి మొదలుపెడితే వేసవి వచ్చేసరికి రెండు మూడు రకాల మధ్య తేడా ఎంత నిలుస్తుందో బజారే చెబుతుంది.